పొయ్యి రాళ్లయిన క్యూబులు

హైదరాబాదులో మంచు పడదు. ఎల్బీనగర్‌లో అసలే పడదు. ఎండాకాలం మా ల్యాబు రేకుల కింద నిలబడితే మనిషే కరిగిపోయేవాడు. అలాంటి చోట మేము కొన్నాళ్లు కాంక్రీటును గడ్డకట్టించడం, కరిగించడం, మళ్లీ గడ్డకట్టించడం పనిగా పెట్టుకున్నాం. చూసినవాళ్లు నవ్వారు. ఆ నవ్వులకు నాకు బాధ లేదు. ఆ పని ముగిసిన తీరు తలచుకుంటే మాత్రం ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

సివిల్ చదివిన మీలో చాలామంది ఇప్పుడు పెద్ద కంపెనీల్లో క్వాలిటీ ఇంజనీర్లుగా చేరుతున్నారు. కంప్యూటర్ నంబరు చూపిస్తుంది, మీరు సంతకం పెడతారు. మాది ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త లోపలగా ఉన్న చిన్న ప్రైవేటు ల్యాబు. బిల్డర్లు తమ కాంక్రీటును జానెడు కూడా లేని ఇనుప అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక ఆ దిమ్మలను మాకు పంపేవారు. వాటినే క్యూబులంటాం. మిషన్లో పెట్టి నలగ్గొట్టి, ఎంత బరువుకు పగిలిందో రాసిచ్చేవాళ్లం. పగిలినవాటిని వెనక గోడ అవతల కుప్ప పోసేవాళ్లం. చుట్టుపక్కల ఎవరికి గుంత పూడ్చాలన్నా, బండి చక్రం కింద అడ్డం పెట్టాలన్నా ఆ కుప్పే దిక్కు. వాళ్లు అడిగేవారు కాదు, మేము వద్దనేవాళ్లమూ కాదు.

ల్యాబుకు పెద్ద తలకాయ ఒకాయన ఉండేవాడు. కృష్ణా జిల్లా మనిషి, ఎప్పుడో వచ్చి మూసారాంబాగ్‌లో కిరాయికి స్థిరపడ్డాడు. మేమంతా పెద్దసార్ అనేవాళ్లం. మొదట్లో పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పాడట, ఆ అలవాటు చావలేదు. టీ తాగుతూ చెప్పేవాడు, అన్నం తింటూ చెప్పేవాడు, మిషన్ మోతలో మాకు ఒక్క ముక్క వినపడకపోయినా చెప్పేవాడు. ఆయన గొంతు వినపడని రోజు, సార్ సెలవా అని వచ్చినవాళ్లు అడిగేవారు.

క్యూబులు నలగ్గొట్టే మిషన్ నడిపేది మా నల్లగొండ వైపు మనిషే. అందరికీ మిషన్ అన్న. ఆయనకూ పెద్దసార్‌కూ రోజూ టిఫిన్ డబ్బాల దగ్గర ఏదో ఒక వేళాకోళం ఉండాల్సిందే.

"మీ రాష్ట్రం మీకొస్తే నన్ను పంపించేస్తారటయ్యా?" అనేవాడు పెద్దసార్.

"మిమ్ముల నెట్ల పంపుతం సార్? మీరు పోతే మా లెక్కలెవలు జేస్తరు? ముందుగాల మీ గోంగూర పచ్చడి ఈడ వెట్టి పోండ్రి" అనేవాడు అన్న.

తెలంగాణ ఉద్యమం అప్పటికే ఊపు మీద ఉంది. నేనూ మిషన్ అన్నా సాయంత్రాలు ర్యాలీలకు పోయేవాళ్లం, పొద్దున్నే వచ్చి పెద్దసార్ పచ్చడి తినేవాళ్లం. అందులో మాకు తిరకాసేమీ కనిపించలేదు.

ఆ రోజుల్లోనే కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర కోల్డ్ స్టోరేజీ నడిపే ఒకాయన మమ్మల్ని పిలిపించాడు. మామిడి గుజ్జు డబ్బాలు దాచే గదిలో నేల పాడవుతోంది. లోపలంతా గడ్డకట్టే చలి. తలుపు తీసినప్పుడల్లా బయటి వేడిగాలి లోపలికి చొరబడి నేల తడవడం, తలుపు మూయగానే ఆ తడి గడ్డకట్టడం. దర్వాజా దగ్గర కాంక్రీటు అటుకుల్లా లేస్తోంది.

"ఇది మూడోసారి సార్ ఫ్లోరు పోసుడు. ఎంత గట్టిగ పోసినా గీ దర్వాజ కాడ్నే పిండైతున్నది" అన్నాడు యజమాని.

మేము చూస్తుండగానే ఒక హమాలీ డబ్బాల ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. చక్రం ఆ గుంతలో దిగబడి ట్రాలీ ఒరిగింది, డబ్బాలు అతని కాలి మీద పడ్డాయి. ఆ మనిషి కాలు పట్టుకుని అరుస్తుంటే పెద్దసార్ ముందు నేలను చూశాడు, తర్వాత మనిషిని చూశాడు. అలా చూసినందుకు తర్వాత ఎన్నిసార్లు తనను తాను తిట్టుకున్నాడో. దవాఖానలో ఎముక విరిగిందని చెప్పారు. ఆ హమాలీ మళ్లీ బరువు మోయలేదు.

అప్పటినుంచి పెద్దసార్‌కు అదే ధ్యాస. "సీసా నిండా నీళ్లు పోసి, మూత బిగించి ఫ్రీజర్లో పెడితే ఏమవుద్ది? పగులుద్ది. కాంక్రీటు లోపలికి దిగిన నీళ్లూ అంతే. గడ్డకట్టినప్పుడు ఉబ్బుతాయి, ఉబ్బడానికి జాగా లేదు. మనం జాగా ఇద్దాం" అన్నాడు. ఆ జాగా రబ్బరు ఇస్తుందని ఆయన నమ్మకం. ఆటోనగర్‌లో పాత లారీ టైర్లకు కొత్త తొడుగు వేసేవాళ్లు ముందు టైరును గీకుతారు. అప్పుడు రాలే నల్లటి రవ్వను సంచుల్లో తెప్పించి, ఇసుకలో కొంత తగ్గించి ఇది కలిపాడు. రబ్బరు కలిస్తే బలం కొంత తగ్గుతుంది. ఆ మాట ఆయన దాచలేదు, యజమానికి మొదటే చెప్పాడు. నేలకు ఆ బలం చాలు, చలికి ఓర్చుకోవడమే ముఖ్యం అన్నాడు.

మిషన్ అన్న ఒక రబ్బరు క్యూబును నలగ్గొట్టి చూసి, "సార్, ఇది పలుగుతలేదు, మూతి ముడుసుకుంటున్నది" అన్నాడు. మామూలు క్యూబు ఢామ్మని పగిలేది. ఇది అలిగినట్టు నొక్కుకుపోయి ఊరుకునేది.

యజమాని కొత్త గది కడుతున్నాడు. దసరా పోగానే నేల పోయాలి. "నాకు రిపోర్టులద్దు సార్. కండ్లతోని జూపియ్యుండ్రి, మీరు చెప్పిందే పోపిస్త. పండు తియ్యగుందని కాయితం మీద రాస్తె నోరు తీపైతదా?" అన్నాడు. మార్కెట్ మనిషి, ఆయన లెక్క ఆయనది.

మంచు ఎక్కడ దొరుకుతుంది మాకు? దిల్‌సుఖ్‌నగర్‌లో మూతబడ్డ ఐస్‌క్రీం షాపు నుంచి పాత డీప్ ఫ్రీజర్ ఒకటి తెచ్చాం. మూత మీద ఇంకా కోన్ బొమ్మ ఉండేది. ల్యాబుకు వచ్చిన ప్రతివాడూ ఆశగా మూత ఎత్తి, లోపల సిమెంటు దిమ్మలు చూసి మా మొహాలు చూసేవాడు. సాయంత్రం క్యూబులు అందులో పెట్టడం, పొద్దున తీసి నీళ్ల తొట్టిలో వేయడం. సగం మామూలువి, సగం రబ్బరువి. కొన్నాళ్లకు మామూలు క్యూబుల పొట్టు లేచింది, తర్వాత అంచులు రాలాయి, మూలలు ఊడాయి. రబ్బరువి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పెద్దసార్ వాటిని రోజూ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసేవాడు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బొగ్గు ఆగింది, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియదు. ఫ్రీజర్ ఆగితే పరీక్ష ఆగినట్టే. మిషన్ అన్న ఇంటినుంచి బొంత తెచ్చి ఫ్రీజర్ మీద కప్పాడు. వాళ్లావిడ వెతుక్కుంటూ వచ్చి, సిమెంటు రాళ్లకు బొంత కప్పిన మొగుణ్ణి చూసి తల కొట్టుకుంటూ వెళ్లిపోయింది. సమ్మె చేసేవాడూ ఆయనే, సమ్మెవల్ల పోతున్న చలిని కాపాడేవాడూ ఆయనే.

అయితే ఆ రోజుల్లో ఒకటి మారింది. ఎవరూ పెద్దసార్‌ను ఒక్క మాట అనలేదు. కానీ ఆయన లోపలికి రాగానే మా మాటలు కాస్త తగ్గేవి. పచ్చడి మీద జోకులు ఆగిపోయాయి. ఒకరోజు షేర్ ఆటోలో ఎవరో ఆయన యాస విని, "ఏ ఊరు సార్ మనది?" అని అడిగారట. అంతే. మామూలు రోజుల్లో అయితే ఆ ప్రశ్నకు తాతముత్తాతల నుంచి మొదలుపెట్టేవాడు. ఆ రోజు మూసారాంబాగ్ అని చెప్పి ఊరుకున్నాడట. అప్పటినుంచి ఆయన మా గేటు దాటి లోపలికి వచ్చాకే నోరు విప్పేవాడు.

దసరా ముందురోజు ల్యాబు కడిగాం. ఆయుధపూజకు మిషన్లన్నీ తళతళలాడాలి. పగిలింది ఏదీ పండుగనాడు లోపల ఉండకూడదు, అది మనవాళ్ల పట్టింపు. పెద్దసార్ ఆ రోజు యజమానిని రమ్మని చెప్పడానికి కొత్తపేటకు నడిచి వెళ్లాడు. మిషన్ అన్న పగిలిన గాజు బీకర్లు, వంకర తిరిగిన అచ్చులు బయట పడేస్తూ, నీళ్ల తొట్టి పక్కన మూలలు ఊడిన క్యూబులను చూసి, "పలిగినయి ఇంక లోపట్నే ఉన్నయేంది" అని వాటినీ గంపకెత్తాడు. పగిలిన క్యూబు కుప్పలోకి పోవడం మాకు ఎంత మామూలంటే, నా ముందునుంచే పోతున్నా నాకు కనపడలేదు. చెక్కుచెదరని రబ్బరు క్యూబులను మాత్రం శుభ్రంగా తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టాం.

పండుగ మర్నాడు పెద్దసార్ చెమటలు కక్కుతూ నడిచి వచ్చాడు. మధ్యాహ్నం యజమాని వస్తున్నాడు. బొట్లు పెట్టిన క్యూబులను చూసి మురిసిపోయాడు. తర్వాత అటూ ఇటూ చూసి, "మామూలువి ఏవయ్యా?" అన్నాడు.

"పలిగినయి గద సార్, పడేసినం" అన్నాడు మిషన్ అన్న.

పెద్దసార్‌కు ముందు నవ్వొచ్చింది. "పగలాలనే కదయ్యా ఇన్నాళ్లూ తిప్పలు పడింది!" అన్నాడు. అన్న మొహంలో నెత్తురుచుక్క లేదు. ముగ్గురం వెనక్కి పరుగెత్తాం. కుప్ప సగానికి సగం ఖాళీ. పక్క షెడ్డు ఆయన చెప్పాడు, "చౌరస్తల వంటావార్పు వెట్టిన్రు గద. పొయ్యి రాళ్లకని పొద్దుగాల్నే బండిల ఏస్కపోయిన్రు."

వంటావార్పు మీరు చూసి ఉండకపోవచ్చు. రోడ్డు ఆపడానికి ఉద్యమంలో కనిపెట్టిన పద్ధతి. హైవే మధ్యలో పొయ్యిలు పెట్టి, అందరికీ అక్కడే వండి, అక్కడే తినడం. కోపంగా చేసే పనే, కానీ వాసన మాత్రం పెళ్లి వంట వాసన.

నేనూ పెద్దసారూ బయల్దేరాం. గేటు దగ్గర ఆయన ఆగాడు.

"నువ్వే మాట్లాడు. నేను నోరు తెరిస్తే పని చెడుద్ది" అన్నాడు.

"సరే సార్" అన్నాను. తెలివైన మాటే అనిపించింది అప్పుడు.

చౌరస్తాలో బండి అన్నది లేదు. రోడ్డు పొడుగునా జనం, డప్పులు, జెండాలు. మధ్యలో అన్నం ఉడికే పెద్ద పెద్ద డేగిశాల కింద మా క్యూబులు. మిషన్లో నలిగినవి నడుము విరిగి వంకరగా ఉంటాయి, గిన్నె నిలవదు. మంచులో పెట్టినవి మూలలే ఊడాయి, చదునైన ముఖాలు ఇంకా మిగిలే ఉన్నాయి. కుప్పలో పొయ్యికి పనికొచ్చేవి అవే. వంట తెలిసినవాళ్లు సరిగ్గా వాటినే ఏరుకున్నారు. పెద్దసార్ దూరంనుంచే గుర్తుపట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

కొంగు నడుముకు చుట్టుకుని గరిటె తిప్పుతున్నామె అక్కడ పెద్ద. బడి పంతులమ్మట.

"అక్కా, ఆ పొయ్యి రాళ్లు మా ల్యాబువి. పరీక్షకు వెట్టినయి. జర మారుస్తరా?" అన్నాను.

"ఏమన్నా, మీద బువ్వ ఉడుకుతున్నది, కనవడ్తలేదా? సగం ఉడికినంక దించితె ఎవలు తింటరు?"

"మంట తాకితె ఖరాబైతయక్కా."

"రాయికి మంట తాకితె ఏమైతది?"

ఆ ప్రశ్నకు పెద్దసార్ దగ్గర గంటసేపటి జవాబు ఉంది. ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు. నేనే ఏదో అన్నాను, "గవి మంచుల వెట్టిన రాళ్లక్కా."

"మంచుల వెట్టినయా! పాపం, ఇన్నొద్దులకు చలి కాగుతున్నయి, కాగనియ్యన్నా" అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. మంచి మాటే మరి.

మంటలో ఒక క్యూబు మూల టప్పుమని ఎగిరింది. పెద్దసార్ ఉలిక్కిపడ్డాడు.

"ఆ పెద్దాయన ఎవలన్నా? ఏం మాట్లాడడేంది?" అంది ఆమె. నేను నోరు తెరిచేలోపే ఆయనే గొంతు మీద వేలు పెట్టుకుని, మాటలు రావు అన్నట్టు చెయ్యి ఊపాడు.

"అయ్యో" అంది ఆమె. గొంతే మారిపోయింది. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి నీడలో వేయించింది. అన్నం దించగానే మొదటి విస్తరి ఆయనకే ఇచ్చి, "తిను పెద్దయ్యా, మొగమాటపడకు" అని మామిడికాయ తొక్కు మళ్లీ మళ్లీ వేసింది. ఆయన కింద చూస్తూ తిన్నాడు.

అప్పుడు విన్నాను. పక్క పొయ్యి దగ్గర ఒకావిడ, "వదినా, పప్పులో ఉప్పు సరిపోయిందేమో చూడండి, నాకు జలుబు, రుచి తెలియట్లేదు" అంది. అచ్చం పెద్దసార్ యాస. ఎవరూ తల కూడా తిప్పలేదు. పంతులమ్మ వచ్చి పప్పు నాకి చూసి, "ఇంకింత ఎయ్యి వదినా" అని వెళ్లింది. పెద్దసార్ చేతిలో ముద్ద ఆగింది. ఆయనా విన్నాడు. కానీ అప్పటికే మూగవాణ్ణని చెప్పుకున్నాడు. ఒకరు జాలితో పెట్టిన అన్నం తింటూ, నాకు మాటలు వచ్చునమ్మా అని ఎలా అంటాడు? నేనైనా అనొచ్చు. నా విస్తరి అందుకుని తినడం మొదలుపెట్టాను.

వంట అయ్యాక పొయ్యిల మీద నీళ్లు గుమ్మరించారు. బుస్సుమని ఆవిరి లేచింది. ఎర్రగా కాలిన కాంక్రీటు మీద చన్నీళ్లు పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడి పిల్లగాళ్లు మేము అడగకుండానే ఆ రాళ్లన్నీ తోపుడు బండిలో వేసి, మూగాయన నడవలేడని ఆయన్నీ ఎక్కించుకుని మా గేటు దాకా తోసుకొచ్చారు.

యజమాని గల్లీల వెంట స్కూటర్ మీద వచ్చాడు. ఒక పక్క పసుపు బొట్లతో రబ్బరు క్యూబులు, ఇంకో పక్క మసి పట్టి బీటలు తేలిన మామూలువి. పెద్దసార్ ఎంతో నెమ్మదిగా, గొంతు పెంచకుండా జరిగింది జరిగినట్టు చెప్పాడు. మంచుకు ఇంత పోయింది, మంటకు ఇంత పోయింది అని వేలితో చూపించబోయి తనే ఆగిపోయాడు. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలైందో ఆయనకూ తెలియలేదు.

యజమాని ఒక ముక్క చేతిలోకి తీసుకుని మసి తుడిచి చూశాడు. "మీ మీద నమ్మకం లేక కాదు సార్. మా తమ్ములున్నరు, పాలుదార్లున్నరు. పొయ్యిల కాలినయి తెచ్చి మంచుకు పలిగినయంటె నేను వాళ్లకేమని చెప్పాలె? మల్ల పరీక్ష వెడ్తమంటె కొత్త గది పని ఆగదు. ఈసారికి మామూలే పోస్త" అన్నాడు. అన్యాయంగా ఏమీ మాట్లాడలేదు. వెళ్తూ చేతులు జోడించాడు కూడా.

ఆ నేల సంగతి కూడా చెప్పేస్తాను. మామూలు కాంక్రీటే పోశారు. మలి మామిడి కాలానికే దర్వాజా దగ్గర లేచింది. దాని మీద ఇనుప రేకు పరిచారు. రేకు మీద తడి గడ్డకడితే గాజులా ఉంటుంది. దాని మీద ఇంకో హమాలీ జారి నడుము విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు యజమాని నాకు ఫోన్ చేసి, "ఆ రబ్బరు సార్ యాడున్నడు?" అని అడిగాడు. నంబరు ఇచ్చాను. చేశాడో లేదో నాకు తెలియదు.

ఇప్పటి పిల్లలు అడుగుతారు, ఫోటోలు తీసి పెట్టుకోలేదా అని. మా ఫోన్లలో టార్చి లైటు ఉండేది, అదే గొప్ప. మళ్లీ పరీక్ష ఎందుకు పెట్టలేదని కూడా అడుగుతారు. అది సరైన ప్రశ్న. మిషన్ అన్న బొంత మళ్లీ తెచ్చాడు. అచ్చులు కడిగి వరసగా పెట్టాడు. "ఇంకోసారి పోద్దాం సార్, ఈసారి నేను కాపలుంట" అన్నాడు. పెద్దసార్ చూద్దాంలే అన్నాడు. ఆయనకు పోయింది క్యూబులైతే మళ్లీ పోసేవాడే. ఆ రోజునుంచి ఆయన గేటు లోపల కూడా మాట్లాడటం తగ్గించాడు. పనికి ఎంత కావాలో అంతే. మేమూ ఆయన బాధపడుతున్నాడని, కదిలించకూడదని ఊరుకున్నాం. మర్యాద అనుకున్నాం దాన్ని.

సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి. ఒకరోజు పెద్దసార్ విజయవాడ దగ్గర ఏదో కాలేజీలో చేరుతున్నానని చెప్పాడు. ఉద్యమం ఆయన్ని పొమ్మనలేదు, మా ల్యాబు ఓనరూ పొమ్మనలేదు. మాలో ఒక్కరం కూడా ఉండమని అనలేదు. సరే సార్, మంచిది సార్ అన్నాం.

ఎల్బీనగర్‌లో బస్సెక్కించడానికి నేను ఒక్కణ్ణే వెళ్లాను. మిషన్ అన్న రాలేదు. "ఏం మొఖం వెట్టుకోని వస్తనే?" అన్నాడు. చౌరస్తాలో తారు మీద పొయ్యిల నల్లటి మచ్చలు ఇంకా ఉన్నాయి. ఇద్దరం వాటి పక్కనే నిలబడ్డాం. ఆ రోజు మీరు మాట్లాడాల్సింది సార్, ఏమీ అయ్యేది కాదు, నేనైనా చెప్పాల్సింది అని అందామనుకున్నాను. "టైముకు తినండి సార్" అన్నాను. "మిషన్‌కి నూనె పెట్టించు" అన్నాడు ఆయన.

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఆయన పక్కన ఒక కుర్రాడు కూర్చుని, "ఎక్కడిదాకా అండీ?" అని అడిగాడు.

"బెజవాడ. నువ్వేం చదివావయ్యా? సివిలా? అయితే ఒకటి అడుగుతా చెప్పు. చలిగదిలో నేల దర్వాజా దగ్గరే ఎందుకు లేస్తుందంటావ్?"

నేను కిటికీ కిందే నిలబడి ఉన్నాను. ఆయన ముందుకు వంగి, రెండు చేతులూ తిప్పుతూ, కుర్రాడి మోకాలి మీద తడుతూ చెప్పుకుపోతున్నాడు. మా దగ్గర ఆ చివరి రోజులన్నిటిలో కలిపి కూడా ఆయన అంత మాట్లాడలేదు. బస్సు కదిలింది. నేను చెయ్యి ఎత్తాను. ఆయన చూడలేదు. మాట మధ్యలో ఉన్నాడు.